తరుగు తీసిన బరువు

ఆమదాలవలస,
10-01-2025

బావ గంగులుకి, అప్పలసూరి రాసేది.

ఇక్కడ నేను ఉన్నాను. సాలూరులో నువ్వూ, మా చెల్లి చిన్నతల్లీ ఉన్నారని అనుకుంటున్నాను. ఫోను చేయొచ్చు గదా అంటావు. ఫోనులో నువ్వే మాట్లాడతావు, నేను ఊఁ అంటాను. తరవాత నేను ఒప్పుకున్నానని అందరికీ చెబుతావు. అందుకే కవరు కొన్నాను. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

మొన్న మా శైలజ నౌపడ నుంచి రైల్లో వచ్చింది. రైలు అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగింది. వంతెన మెట్లు దాటడానికి దానికి అరగంట పట్టింది. మధ్యలో మూడుసార్లు కూర్చుంది. కూర్చున్నప్పుడల్లా చెప్పు సర్దుకుంటున్నట్టు నటించింది. నేను ఇవతల నిలబడి చూస్తూ ఉన్నాను.

నూట ఇరవై ఒక్క కిలోలు. వయసు ముప్పై ఎనిమిది. షుగరు ఉంది, బీపీ ఉంది. మోకాళ్ళు వాచి కుట్టుమిషను తొక్కలేక మోటారు పెట్టించుకుంది. నిద్రలో ఊపిరి ఆగిపోతోందని ముక్కుకి ఒక మిషను ఇచ్చారు. పొట్టలోని సంచిని కోసి చిన్నది చేయాలని విశాఖపట్నం డాక్టరు చెప్పాడు. ఆలస్యం చేస్తే గుండె మీదకి వస్తుందన్నాడు. ఆస్పత్రి వాళ్ళు నువ్వు అమ్మిన ఇన్సూరెన్సు కంపెనీకి రాశారు.

కంపెనీ జవాబు వచ్చింది. బరువు తగ్గించే ఆపరేషన్లు పాలసీలో మినహాయింపు అట. ముక్కు చక్కబెట్టించుకోవడం, బట్టతల మీద వెంట్రుకలు నాటించుకోవడం రాసిన పేజీలోనే దీన్నీ రాశారు. నా కూతురు సినిమాలో వేషానికి తయారవుతోందని అనుకున్నారు కాబోలు.

నాలుగేళ్ళ కిందట నువ్వు మా మంచం మీద కూర్చుని కోడికూర తింటూ ఏమన్నావో నాకు గుర్తుంది. "తలెంట్రుక కాణ్ణించి కాలిగోరు దాకా అంతా ఇందులోనే ఉన్నాది బావా" అన్నావు. పొట్ట ఆ రెండిటికీ మధ్యలోనే ఉంటుంది. చూసి చెప్పు.

ఇంతే.
అప్పలసూరి


సాలూరు,
18-01-2025

బావగారికి గంగులు నమస్కారాలు.

నీ ఉత్తరం చిన్నతల్లి చదివింది. "మా అన్నకి నోరు నేదనుకున్నాను గానీ సూడండి, కలం ఉన్నాది" అని ఒకటే నవ్వు. నా మీద కోపం ఉంటే ఉండనీ. కోడికూర సంగతి మాత్రం ఎత్తకుండా ఉండాల్సింది. అందులో ఉప్పు లేదు.

బావా, నువ్వు మొదటి వరుస చదివి కాగితం మడిచేశావు. పాలసీ పుస్తకంలో మినహాయింపు అని రాసి, ఎప్పుడు మినహాయించరో కూడా ఆ కిందనే రాశారు. ఆపరేషను డాక్టరే చెప్పి ఉండాలి. మనిషికి పద్దెనిమిదేళ్ళు నిండాలి. ఎత్తూ బరువూ కలిపి ఒక లెక్క వేస్తారు, అది నలభై దాటాలి. ముప్పై అయిదు దాటినా షుగరు లాంటి పెద్ద జబ్బుంటే చాలు. మన శైలజది యాభై ఉంది. అంతవరకూ బాగానే ఉంది. ఆఖరు షరతు ఇంకోటి ఉంది. కోత లేకుండా బరువు తగ్గడానికి ప్రయత్నించి, తగ్గలేదని రుజువు చూపించాలి. తిండి పట్టిక, జిమ్ము రసీదు, ఏదో ఒకటి. ఆ కాగితం మీరు పెట్టలేదు.

లారీకి ఫిట్‌నెస్ కాగితం లేకుండా యాక్సిడెంటు క్లెయిమ్ పెట్టినట్టుంది మీ వ్యవహారం. ఇరవై ఏళ్ళ నుంచి లారీలకి ఇన్సూరెన్సు చేయిస్తున్నాను. కాగితం ఉంటే తుక్కుబండికి కూడా డబ్బు వస్తుంది. లేకపోతే కొత్తబండికీ రాదు.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు. అది తింటాది గదా బావా. చిన్నప్పుడు మా ఇంటికొస్తే జంతికల డబ్బా దాచుకునేవాళ్ళం. లోడు ఎక్కువేస్తే ఏ బండికైనా కింద కమాను పట్టీలు విరుగుతాయి. కంపెనీ వాళ్ళు అనేదీ అదే.

కాగితాలు పంపు. మిగతాది నేను చూసుకుంటాను.

గంగులు


ఆమదాలవలస,
06-03-2025

గంగులు బావకి.

నువ్వు అడిగిన కాగితం సంపాదించాం. శ్రీకాకుళంలో తిండి గురించి చెప్పే ఒక అమ్మాయి ఉంది. మనిషి మా శైలజ చేయంత ఉంటుంది. ఓట్సు తినమంది. అవకాడో అనే కాయ తినమంది. కొట్టు నగరేశ్వరరావుని అడిగితే "అదేటి బావూ, పురుగుమందా?" అన్నాడు.

శైలజ పదేళ్ళ నుంచి రాత్రి అన్నం మానేసి రాగిజావ తాగుతోంది. దానికి కాగితం లేదు. ఆకలికి ఎవరూ రసీదు ఇవ్వరు. మోకాళ్ళు వాచేదాకా నౌపడ ఉప్పుమడుల గట్ల మీద రోజూ పొద్దున్నే నడిచింది. ఆ గట్టు కూడా రసీదు ఇవ్వలేదు. ఓట్సు అమ్మాయి రెండుసార్లు చూసి మూడు కాగితాలు ఇచ్చింది. కంపెనీకి అవి చాలాయి. అంత గొప్ప కంపెనీ.

జంతికల సంగతి రాశావు. చదివాను. దాచుకున్న వాళ్ళ బుద్ధి కూడా అందులో ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. కంపెనీ రెండో ఉత్తరం వచ్చింది. మినహాయింపు మీకు వర్తించదని మొదటి పేరాలో ఉంది. సంతోషిద్దామనుకునేలోగా రెండో పేరా వచ్చింది. 2020 సెప్టెంబరులో పాలసీ ఫారంలో బరువు ఎనభై అని రాసి ఉందట. అదే ఏడు డిసెంబరులో శైలజ పిత్తాశయం ఆపరేషనుకి వెళితే ఆస్పత్రిలో మంచం మీదే తూచి, దానికి చెప్పకుండా, నూట అయిదు అని రాసుకున్నారట. మూడు నెలల్లో ఎవరూ పాతిక కిలోలు పెరగరు కాబట్టి నిజం దాచారని రాశారు. పాలసీ రద్దు చేస్తున్నారు.

బావా, ఆ ఫారంలో ఉన్నది నీ చేతిరాత.

కరోనా రోజులు. ఆస్పత్రిలో పదిమంది ముందు కాటా ఎక్కనని అది మొండికేస్తే, ఆదివారం మిల్లులో ఎవరూ లేనప్పుడు తీసుకెళ్ళి నేనే తూచాను. నూట నాలుగు. చీటీ రాసి నీకు ఇచ్చాను. ముప్పై ఏడేళ్ళు ఆ మిల్లులో ధాన్యం తూచాను, అంకె నాకు గుర్తుండదా? ఎనభై అంటే పాలసీ సులువుగా అవుతుందని రాసేసుకున్నావు. కమీషను తిన్నావు. వడ్లు కొనే దళారి కూడా ఎదుటివాడు అటు తిరిగేదాకా ఆగుతాడు.

డాక్టరు ఏప్రిల్లో కోస్తానన్నాడు. ఇప్పుడు దేనితో కోస్తాడు?

అప్పలసూరి


సాలూరు,
14-03-2025

అప్పలసూరి బావకి.

నీ ఉత్తరం చిన్నతల్లికి చూపించలేదు. చూపిస్తే అన్నని అనలేక నన్ను అంటుంది.

రాత నాదే. అంకె నాది కాదు. దళారి అన్నావు. మిల్లు కాటా దగ్గర రైతు కళ్ళముందే తరుగు తీసిన చెయ్యి నీది. మాకు నీతులు చెప్పడానికి అది తగిన చెయ్యి కాదు.

నీ చీటీ ఎక్కడుందో నాకు తెలీదు. ఎనభై అని రాసుకున్నది మాత్రం బాగా గుర్తు. అంటే శైలజే ఫోనులో చెప్పి ఉంటుంది. ఆడవాళ్ళు వయసూ బరువూ ఉన్నదున్నట్టు చెబుతారేమిటి? ఈ విషయం తేల్చేద్దామని మీ అల్లుడు ధనరాజ్‌కి నిన్ననే ఫోను చేశాను. "నీ పెళ్ళాం తగ్గించి సెప్పింది, ఇప్పుడు నా లైసెన్సు మీదకొచ్చింది" అని గట్టిగానే అన్నాను. ఊఁ అని ఫోను పెట్టేశాడు. మామకి తగిన అల్లుడు.

ఇంకో సంగతి. పాలసీకి అయిదేళ్ళు నిండితే కంపెనీ పాత ఫారాన్ని తవ్వకూడదు. సెప్టెంబరుకి నిండేవి. ఆరు నెలలు ఆగలేకపోయారు.

గంగులు


ఆమదాలవలస,
25-03-2025

గంగులుకి.

ఆరు నెలలు ఆగమని దాని గుండెకి నువ్వే ఫోను చేసి చెప్పు. ఫోను బాగా చేస్తావు గదా.

ధనరాజ్ కొట్టలేదు, తిట్టలేదు. "ఎందుకు అబద్దమాడినావు?" అని ఒక్కసారి అడిగాడట. ఆ రోజు నుంచి శైలజ సరిగా తినడం లేదు. కుట్టు ఒప్పుకున్న జాకెట్లు తిరిగి ఇచ్చేసింది. నేను వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "నాన్నా, నాను ఎనభై అనే అనుకున్నాను. నువ్వు సెప్పినావు గదా" అంది.

నోటితో ఎనభై అన్న మాట నిజం. దాని మొహం చూసి అన్నాను. మిల్లులో కూడా నోటి లెక్క వేరు, చీటీ లెక్క వేరు. చీటీ మీద మాత్రం నూట నాలుగే రాశాను. ఆ చీటీ దొరికితే నా కూతురు అబద్ధం ఆడలేదని తేలుతుంది. నువ్వు ఆడావనీ తేలుతుంది. అందుకే నీకు కనబడడం లేదు.

వెతుకు. నీ ఆఫీసులో తుక్కు కాగితం కూడా పారేయవని చిన్నతల్లి చెబుతూ ఉంటుంది.

అప్పలసూరి


సాలూరు,
02-04-2025

బావకి.

చీటీ దొరికింది. ఒడిశా పర్మిట్ల పాత కట్టలో ఉంది. పోస్టులో వేయడానికి మనసొప్పలేదు. మా డ్రైవరు శివాజీ నౌపడ ఉప్పు లోడుకి వెళుతున్నాడు, దారిలో నీ చేతికే ఇమ్మన్నాను. కవరు అంటించాను. చిన్నతల్లికి కూడా చూపించలేదు.

చూసుకో. నేనేమీ అనను.

ధనరాజ్‌కి నేను అలా ఫోను చేయకుండా ఉండాల్సింది. ఆ చీటీ చూసినప్పటి నుంచి నాకూ అన్నం సయించడం లేదు.

ఒక పని చేయొచ్చు. నేనే నూట నాలుగుని తప్పుగా చూసి ఎనభై అని వేశానని కంపెనీకి రాసిస్తాను. ఆ చీటీ చింపేయి. లైసెన్సు పోతుంది. పోతే పోనీ, లారీ ఆఫీసుంది గదా. శైలజ నాకూ కోడలి వరసే. జంతికల డబ్బా దాచింది నేనే, చిన్నతల్లి కాదు.

గంగులు


ఆమదాలవలస,
09-04-2025

బావ గంగులుకి.

చీటీ చూశాను. నా రాతే. ఎనభై.

రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. నూట నాలుగు రాశానని ప్రమాణం చేసేవాణ్ణి. నిన్ను నానా మాటలూ అన్నాను. ఏ మాటకి ఆ మాట నాకే తగులుతుంది.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. శైలజకి పదకొండేళ్ళప్పుడు నాకు అన్నం క్యారేజీ తెచ్చింది. ఒళ్ళు అప్పుడే ఎక్కువ. మిల్లు కలాసీలు దాన్ని ఎత్తి కాటా మీద కూర్చోబెట్టారు. మేము బస్తాలు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనం, లాభం అంటాం. "లాభం!" అని అందరూ ఒక్కసారి అరిచారు. అది ఏడవలేదు. నా వైపు చూసింది. నేను కాటా గుండు జరిపి బరువు చదివాను. అది నా ఉద్యోగం. ఒక్కణ్ణీ ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి అది పదిమందిలో కాటా ఎక్కలేదు.

అందుకే ఆదివారం తీసుకెళ్ళాను. కాటా ఎక్కి కళ్ళు మూసుకుంది. గుండు నూట నాలుగు దగ్గర ఆగింది. "ఎంతైనాది నాన్నా?" అంది. రైతు బస్తాకి తరుగు తీసినట్టు తీసేశాను. వాళ్ళకి సంచికీ తేమకీ రెండు కిలోలు తీసేవాణ్ణి. కూతురికి ఇరవై నాలుగు తీశాను. గుండు వెనక్కి నెట్టేశాను. చీటీ రాస్తుంటే అది వచ్చి నా భుజం మీంచి చూస్తోంది. చెయ్యి నోటి మాటే రాసింది. చెయ్యి నిజం రాసిందని బుర్ర అనుకుంది.

చీటీ చింపను. నీ లైసెన్సు నాకు వద్దు. కంపెనీకి తెల్ల కాగితం మీద అంతా రాశాను. తూచింది నేను, తగ్గించింది నేను, నా కూతురికి తెలియదు, ఏజెంటుకీ తెలియదు అని రాసి చీటీ జతచేసి రిజిస్టరు పోస్టులో పంపాను. పోస్టు చేసే ముందు నకలు తీయించాను. ధనరాజ్‌కి మాత్రం చెప్పాను, నీ భార్య అబద్ధం ఆడలేదు అని. "మరి ఎవులు?" అన్నాడు. లేచి వచ్చేశాను.

శైలజకి చెప్పడం నా వల్ల కాదు. నువ్వు చెప్పు. నీకు మాటలు వస్తాయి.

అప్పలసూరి


సాలూరు,
20-05-2025

బావకి నమస్కారాలు.

నువ్వు చెప్పిన పని చేయను. నెలపైగా ఆలోచించాను. ఉప్పు, వడ్లు, ఇనుము ఏదైనా మోస్తాను. ఇది నా లారీ మీద వేసే సరుకు కాదు.

కంపెనీ జవాబు నకలు నాకూ వచ్చింది. నీ వాంగ్మూలం ఒప్పుకున్నారు. పాలసీదారు కావాలని దాచలేదు కాబట్టి రద్దు ఎత్తేశారు. అది చదివి నేను మిఠాయి తెమ్మన్నాను. చిన్నతల్లి చెప్పులు వేసుకునేలోగా వెనక పేజీ చూశాను.

ఆస్పత్రి కొత్త కాగితంలో శైలజ బరువు నూట పదకొండు ఉందట. జనవరిలో నూట ఇరవై ఒకటి. "కోత లేని పద్ధతుల ద్వారా బరువు తగ్గుతున్నట్టు కనబడుతోంది, కావున ఆ పద్ధతులు విఫలమైనట్టు భావించలేము" అని రాశారు. ఆపరేషనుకి ఒప్పుకోరట.

బావా, ఇరవై ఏళ్ళ నుంచి ఈ కంపెనీల బ్యాగు మోస్తున్నాను. ఇంత సిగ్గుమాలిన వాక్యం చదవలేదు. మనిషిని అబద్ధాలకోరు అన్నారు, మనిషి తిండి మానేసింది, పది కిలోలు తగ్గింది. అది వీళ్ళ వైద్యం అట! దానికి బిల్లు వేయలేదు, సంతోషం. నూట పదకొండయినా ఆ లెక్క నలభై ఆరు వస్తుంది. ఏసీ గదిలో కూర్చున్నవాడికి కూడికలు రావా?

పైన ఇంకో అధికారి ఉంటాడు. ఇన్సూరెన్సు మీద ఫిర్యాదులు వింటాడు. ఖర్చు లేదు. ఫారం నింపి పంపుతున్నాను. ఇందులో అంకెలు నేను రాయలేదు, ఖాళీ వదిలాను. నువ్వే రాయి.

ఇంకో మాట. కంపెనీ ఉత్తరం శైలజకి కూడా వెళుతుంది. నీ వాంగ్మూలం అందులో మాటకి మాట ఎత్తి రాశారు. నేను చెప్పకపోయినా వాళ్ళు చెబుతున్నారు. ఒక్కపనికైనా పనికొచ్చారు.

గంగులు


ఆమదాలవలస,
28-08-2025

బావ గంగులుకి, చెల్లి చిన్నతల్లికి.

ఆలస్యంగా రాస్తున్నాను. అన్నీ అయ్యాకే రాద్దామని ఆగాను.

కంపెనీ ఉత్తరం అందిన మర్నాడే శైలజ వచ్చింది. వంతెన దగ్గరికి ఎదురువెళ్ళాను. ఈసారి మెట్ల మీద రెండుసార్లే కూర్చుంది. ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగి, "నూట నాలుగా నాన్నా?" అంది. అవునన్నాను. చెంబు కింద పెట్టింది.

"ఆ రోజే సెప్పుంటే నాలుగేళ్ళ కిందటే డాక్టరు దగ్గరికి ఎల్లిపోదును గదా. ఎనభయ్యే గదా అని ఊరుకున్నాను" అంది.

ఆ మాట నువ్వు నన్ను అన్నవాటికంటే, నేను నిన్ను అన్నవాటికంటే పెద్దది. అప్పుడు అది లేచి వంటింట్లోకి వెళ్ళి అన్నం వండింది. ఇద్దరం తిన్నాం. రెండు నెలలు దాటాక అది నా ఎదురుగా తినడం అదే.

ఫిర్యాదుల అధికారి జులైలో మమ్మల్ని విచారించాడు. వెళ్ళక్కర్లేదు, ధనరాజ్ ఫోనులోనే మనిషి కనబడ్డాడు. ఒక పక్క కంపెనీ మనిషి, మెడకి టై. అతను పావుగంట మాట్లాడాడు. పద్ధతులు ఫలిస్తున్నాయి అన్నాడు. అధికారి నన్ను అడిగాడు. నాకు ఫోనులో మాట రాదని నీకు తెలుసు. ఆ రోజు వచ్చింది. "అది పద్దతి కాదు బావూ. మీరు దొంగన్నారు, తిండి మానీసింది. ఇప్పుడు తింటన్నాది. మల్లీ నూట పదహారైనాది. కావాలంటే ఆ టై బావుని కూడా దొంగనండి, ఎంత తగ్గుతాడో సూద్దాం" అన్నాను. అధికారి నవ్వాడో దగ్గాడో తెలియలేదు. ధనరాజ్ మాత్రం నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పేశాడు.

ఆపరేషనుకి కంపెనీ ఒప్పుకోవాలని ఉత్తర్వు వచ్చింది. కంపెనీ దాన్ని మన్నిస్తున్నామని రాసింది. వాళ్ళు జాలిపడి ఇస్తున్నట్టు రాశారు. ఉంచుకోనీ, ఆ ఒక్క ముక్కా వాళ్ళకి తరుగు కింద వదిలేశాను.

ఈ నెల పన్నెండో తారీకున విశాఖపట్నంలో కోశారు. బాగానే జరిగింది. ఇప్పుడు గ్లాసుడు నీళ్ళు తాగడానికి అరగంట పడుతోంది. విసుక్కుంటోంది. విసుక్కోనీ.

కోసే ముందురోజు బరువు చూడాలన్నారు. వరండాలో కాటా. అటూ ఇటూ బల్లల మీద జనం. నర్సు రమ్మంటే శైలజ నా వైపు తిరిగింది. "నువ్వు సదువు నాన్నా. గట్టిగా" అంది. చెప్పులు విప్పి ఎక్కింది. కళ్ళు మూసుకోలేదు, ఎదురుగా బల్లల మీద ఉన్నవాళ్ళనే చూస్తూ నిలబడింది.

నేను చదివాను. మిల్లులో అవతలి గోదాముకి వినబడేలా ఎలా చదివేవాణ్ణో అలా చదివాను. "నూట పదిహేడున్నర!" వరండా అంతా తల తిప్పింది. "తాతగారూ, ఇది ఆస్పత్రి" అంది నర్సు. ఎవరైనా నవ్వుతారేమోనని ఒక్కొక్కరి మొహమూ చూశాను. ఈసారి నవ్వితే ఏమనాలో దారిలోనే అనుకుని ఉంచుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆ మాట మిగిలిపోయింది.

తరవాత "చీటీ రాయి" అంది. నర్సు దగ్గర కాగితం అడిగి రాశాను. దాన్ని ఈ కవరులో పెడుతున్నాను, నీ పర్మిట్ల కట్టలో దాచు.

నేను రాస్తున్నంతసేపూ అది కిటికీలోంచి రోడ్డు మీద బస్సుల్ని చూస్తూ కూర్చుంది. నా భుజం మీంచి చూడలేదు.

అప్పలసూరి